ఝమకూబెన్ పాలు, వేజాభాయి మొక్కు

కాఠియావాడ్‌లో, బర్డా కొండల మడతల్లో ఉన్న ఆ నేసులో ఎవరికి రొమ్ము పట్టినా, ఏ బాలింతకు నడుం లాగినా, గేదె కొమ్ము తగిలి ఎవరి ఒళ్లు నలిగినా ముందు కబురు వెళ్లేది ఝమకూబెన్‌కి. కబురంటే మాట కాదు, గిన్నె. ఖాళీ ఇత్తడి గిన్నె ఒకటి ఆవిడ గుమ్మంలో పెట్టి వెళ్లిపోతే చాలు. అది ఎవరింటిదో, లోపల పోయాల్సిన పాలు ఎవరి కోసమో ఆవిడే పోల్చుకునేది. గిన్నె సొట్టలను బట్టి ఇంటి సమాచారం చెప్పే మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

నేసు అంటే పెద్ద ఊరేమీ కాదు. ముళ్లకంప చుట్టిన గేదెల దొడ్లు, వాటిని ఆనుకుని కొన్ని మట్టిళ్లు, అంతే. నేను ఆ రోజుల్లో కింద రాణావావ్‌లో పిల్లలకు లెక్కలు చెబుతూ, సెలవొస్తే కొండెక్కి ఈ గేదెలు మేపుకునే రబారీల గుమ్మాల్లో కూర్చునేవాణ్ణి. అందుకే నన్ను అందరూ మాస్టర్ అనేవాళ్లు.

ఆవిడ పాలు కాచే పద్ధతి చూడటానికి చాలా సాదాగా ఉండేది. అప్పుడే పితికిన గేదెపాలు నురగ చావకముందే పొయ్యెక్కాలి. ఒక పొంగు వచ్చి దిగాక పసుపు, రోట్లో నలిపిన మిరియాలు, శొంఠి, ఆ తర్వాత గంఠోడా. గంఠోడా అంటే పిప్పలి వేరు, మన పచారీ కొట్లలో మోడి అని అడిగితే ఇస్తారు. ఒళ్లు నొప్పులకీ నిద్రకీ దాన్ని మించింది లేదని అక్కడివాళ్ల నమ్మకం. చివర్లో ఒక ఏలకు, వేలి కొసంత నెయ్యి. బెల్లం మాత్రం గిన్నె దించి, పాల ఉడుకు తగ్గాకే. తొందరపడి పొయ్యి మీదే వేస్తే పాలు విరిగి కూర్చుంటాయి. ఝమకూబెన్ తొందరపడటం నేను చూడలేదు. పాల విషయంలో. మనుషుల విషయంలో ఆవిడకు ఓపిక బొత్తిగా తక్కువ.

కాళ్లు ఒకచోట నిలవని బతుకు వల్ల నేను వేడి పాలు చాలాచోట్ల తాగాను. ఇస్తాంబుల్ రేవులో మంచు పడుతుంటే ఏదో దుంప పిండి కలిపి దాల్చినచెక్క జల్లిన చిక్కటి పాలు తాగాను. లమూ దీవిలో ఒక పడవ సరంగు తల్లి ఏలకులు, శొంఠి వేసి ఇచ్చిన పాలు తాగి జ్వరం నుంచి లేచాను. పాలు ఎవరివైనా తేడా అంతా ఇచ్చే చేతిలో ఉంటుందని పెద్ద పెద్ద పుస్తకాలు రాసినవాళ్లు అంటుంటారు. నాకు అంత నమ్మకం లేదు. తేడా గంఠోడాలో ఉందనే నా అనుమానం. సరే, చెప్పొచ్చేదేమిటంటే, ఊరందరికీ పాలు కాచి పోసిన ఆ మనిషి తన మొగుడి గొంతులో మాత్రం ఒక్క గుక్క పోయలేక తల్లడిల్లిన చలికాలం ఒకటుంది.

మొగుడి పేరు వేజాభాయి. తెల్లటి కుచ్చుల చొక్కా, తెల్లటి తలపాగా, కత్తిలాంటి ముక్కు. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఆ ఏడు శ్రావణంలో కొండ మీద వాన విరుచుకుపడినప్పుడు ఆయన మందలోంచి నాగల్ అనే గేదె తప్పిపోయింది. మందకు అదే పెద్ద. దూడగా ఉన్నప్పుడు తల్లి చనిపోతే వేజాభాయి దాన్ని తన దుప్పట్లో పడుకోబెట్టుకుని పెంచాడు. మూడు లోయలు వెతికి, ఒళ్లంతా బురదతో తిన్నగా తమ కులదేవత మోమాయి మాత గుడికి పోయి, నలుగురూ చూస్తుండగా తలపాగా తీసి నేల మీద పెట్టి మొక్కేశాడు: "అమ్మా, నా నాగల్ నా దొడ్లోకి వచ్చేదాకా నా నోట పాలచుక్క పడదు."

మొక్కులు అక్కడ అందరూ మొక్కుతారు. కొడుక్కి పెళ్లి కుదిరేదాకా నెయ్యి మానేసేవాళ్లు, కోర్టు తగువు తెగేదాకా చెప్పులు వేసుకోనివాళ్లు, ఇలా. కానీ ప్రతి మొక్కుకీ ఒక గడువు పెట్టుకుంటారు. హోలీ దాకా అనో, వచ్చే నవరాత్రి దాకా అనో. తప్పిపోయిన పశువు కోసం మొక్కేటప్పుడు గడువు చెప్పకుండా నోరు తెరవకూడదని నేసులో పసివాళ్లకి కూడా తెలుసు. వేజాభాయికి తెలియక కాదు. ఆ క్షణంలో దుఃఖం గడువును మింగేసింది.

దీపావళి వెళ్లాక వాళ్ల కొడుకు రామ్‌దే ఒక వాగులో నాగల్ పుర్రె చూశాడు. చుట్టలు తిరిగిన కొమ్ములు, మెడ తాడుకి గంట. పొరపాటుకి తావు లేదు. వేజాభాయి వెళ్లి చూసి, గంట విప్పుకుని, మాట్లాడకుండా తిరిగొచ్చాడు. గేదె ఇక రాదు. మొక్కు ఇక తీరదు.

"పోనీలే, నీళ్ల చాయ్ తాగుతాడు, చావడుగా," అంది ఝమకూబెన్ అప్పట్లో.

పుష్యమాసం చలి మొదలయ్యాక ఆ మాటకి ఆవిడే నాలుక కరుచుకుంది. వేజాభాయికి దగ్గు పట్టింది. మామూలు దగ్గు కాదు, పడుకుంటే ఊపిరి అందక లేచి కూర్చునే దగ్గు. గోడకు జారబడి తెల్లవార్లూ కూర్చునేవాడు. ముందటేడు చలికాలంలో ఆయన అన్న సరిగ్గా ఇలాగే గోడకు జారబడి దగ్గుతూ దగ్గుతూ పోయాడు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తేవారు కారు. కానీ దగ్గు తెర వచ్చినప్పుడల్లా ఝమకూబెన్ చేతిలో పని ఆగిపోవడం నేను చూశాను.

మొదటి ప్రయత్నం సూటిగానే చేసింది. పాలు కాచి, సాసరులో పోసి, మంచం దగ్గర పెట్టింది.

"తాగు."

"తీసెయ్, రామ్‌దే తల్లీ." పెళ్లాన్ని ఆయన కొడుకు పేరుతోనే పిలిచేవాడు.

"వాసన చూడు ఒకసారి."

"వాసన బావుంది. తీసెయ్."

దినుసులన్నీ నీళ్లలో కాచి కషాయం ఇచ్చింది. రెండు గుక్కలు తాగి కక్కుకున్నాడు. "పాలు లేకపోతే ఇది మందు కాదు, పగ," అన్నాడు. అదొక్కటే ఆ నెలలో ఆయన వేసిన హాస్యం. ఆవిడకు నవ్వు రాలేదు.

పక్కింటి సేజూబెన్ నాలుక పదునైన మనిషి, మనసు మెత్తన. ఆవిడ వచ్చి చెవిలో సలహా చెప్పింది. "పాలతో సజ్జ పిండి కలిపి రొట్టె చెయ్యి వదినా. గంఠోడా కూడా పిండిలోనే వేసెయ్. వెల్లుల్లి పచ్చడి ఘాటులో ఆ మొద్దు మనిషికి ఏం తెలుస్తుంది?"

"తెలీదు. నలభై ఏళ్లుగా ఏం తెలిసింది గనక."

"మరింకేం?"

"ఆయన్ని మోసం చెయ్యడం నాకు వెన్నతో పెట్టిన విద్య సేజూ. మాతని ఎలా చెయ్యను? పళ్లెంలో చెయ్యి పెట్టేది ఆయన, చూసేది ఆవిడ."

"మాతకి వేరే పని ఉండదా?"

"మా ఇంటికొచ్చేసరికి ఉండదు."

అయినా ఒక రోజు పిండిలో పాలు పోసింది. పోసి, కలిపి, పెనం కాలాక రొట్టె చేతుల మధ్య తట్టి తట్టి, ఉన్నట్టుండి ఆ ముద్దంతా తీసుకెళ్లి దూడకు పెట్టింది. దూడ తింటుంటే దాన్ని తిట్టింది. "తిను, నీకు మొక్కులు లేవు, అదృష్టవంతురాలివి."

ఆ మర్నాడు ఆవిడ చేసిన పని నేసులో చాలాకాలం చెప్పుకున్నారు. పొద్దున్నే గోనెసంచి భుజాన వేసుకుని వాగులోకి దిగి, నాగల్ పుర్రెను కొమ్ములతో సహా మోసుకొచ్చింది. దొడ్లో నాగల్‌ని కట్టే గుంజ దగ్గర పెట్టి, మంచం మీది మొగుడికి వినబడేలా కేకేసింది.

"వచ్చింది నీ గేదె. దొడ్లోకి వచ్చేదాకా అన్నావు. వచ్చింది. లేచి పాలు తాగు."

వేజాభాయి దుప్పటి కప్పుకుని గోడ పట్టుకుంటూ బయటికొచ్చాడు. ఆ పుర్రెను చాలాసేపు చూశాడు. వంగి దాని నుదుటి మీద చెయ్యి పెట్టాడు.

"దీన్ని ఇలా మోసుకొచ్చావా, ఒక్కదానివే?"

"మరి నువ్వు తెస్తావా?"

"బరువు కదా."

"బరువే. తాగు."

"ఇది నాగల్ కాదు రామ్‌దే తల్లీ. నాగల్ వదిలేసి పోయింది ఇది. నేను మాతతో ఆటలాడలేదు, ఆటలాడను." దగ్గు తెర వచ్చి గుంజ పట్టుకున్నాడు. ఆవిడ పట్టుకోవడానికి వెళ్లలేదు. కోపంతో ఆవిడ కాళ్లు కదల్లేదని నాతో తర్వాత అంది.

రామ్‌దే ఆయన్ని బస్సెక్కించి రాణావావ్‌లో డాక్టరుకి చూపించాడు. డాక్టరు మంచివాడు, కుర్రాడు, జునాగఢ్ వాడు. ఛాతీ విని మాత్రలిచ్చాడు, చలిగాలి తగలనివ్వద్దన్నాడు. తలుపు దాకా వచ్చాక వెనక్కి పిలిచి చెప్పాడు. "పడుకునే ముందు గ్లాసుడు వేడి పాలు తాగండి బాపా. పసుపూ మిరియం వేసి. మా నానమ్మ ఇచ్చేది, గొంతుకి హాయిగా ఉంటుంది."

రామ్‌దే ఆ మాట ఇంటికొచ్చి తల్లికి చెప్పకుండా ఉండాల్సింది. ఝమకూబెన్ చేతిలో గరిటె విసిరికొట్టింది. "బస్సెక్కి వెళ్లి ఆ మాట వినొచ్చారా? పాలట. ఈ ఇంట్లో పాలు కాచే దిక్కు లేదు పాపం."

మాత్రలకు జ్వరం దిగింది. దగ్గు సగం తగ్గింది. నిద్ర మాత్రం రాలేదు, తిండి సయించలేదు. మనిషి మెడ సన్నబడి తలపాగా పెద్దదైనట్టు కనబడేది. ఊళ్లోవాళ్ల గిన్నెలు మాత్రం రోజూ గుమ్మంలోకి వస్తూనే ఉన్నాయి. ఆవిడ కాచి పోస్తూనే ఉంది. ఒకరోజు నేను అక్కడుండగానే ఒక గిన్నె ఎత్తి చూసి, "ఇది కానాభాయి వాళ్లది. ఆయనకి మోకాలి నొప్పి. మోకాలు నొప్పికి పాలు తాగొచ్చు, ఊపిరాడని మనిషి తాగకూడదు. ఏం రాజ్యం మాస్టర్ ఇది?" అంది. నేను చదివినవాటిలో సత్యం కోసం రాజ్యాలు వదిలినవాళ్ల కథలు ఎన్నో ఉన్నాయి. ఆ రాజుల పెళ్లాలు ఏం వండి పెట్టారో, అది ఎవరు తినకుండా లేచారో ఏ కథా రాయలేదు.

చివరికి ఆవిడ మాత గుడికే వెళ్లింది. తోడు నన్ను రమ్మంది. అక్కడ మాత పూనే మనిషి, భువా, హమీర్. వేజాభాయికి చిన్నాన్న కొడుకు. నడుం నొప్పికి ఝమకూబెన్ పాలు రోజూ సాయంత్రం తాగేవాళ్లలో ఈయనొకడు.

"మొక్కు విప్పు హమీర్‌భాయి," అంది, పైట మొహం మీదికి లాక్కుంటూ.

"నేను కట్టానా వదినా, విప్పడానికి?"

"గేదె చచ్చింది. చచ్చిన గేదె కోసం బతికున్న మనిషి చస్తాడా?"

"అది మాతని అడగాలి."

"అందుకేగా వచ్చింది. నీ మొహం చూడ్డానికా?"

హమీర్ గోధుమగింజలు గుప్పెట్లోంచి కొన్ని తీసి పాత గుడ్డ మీద జంటలు జంటలుగా పేర్చాడు. చివర్న ఒంటిగింజ మిగిలితే మాత ఔనన్నట్టు. మొక్కు విప్పనా అని అడిగితే మిగల్లేదు. మళ్లీ అడిగాడు. మిగల్లేదు. ఝమకూబెన్ పళ్లు కొరకడం నాకు వినిపించింది. హమీర్ కాసేపు కళ్లు మూసుకుని, గింజలు మళ్లీ కలిపి, వేరే ప్రశ్న అడిగాడు: ఇంకొకరి తల మీదికి మార్చనా? ఒంటిగింజ మిగిలింది.

"అదే పొయ్యి మీద వండింది తినేవాళ్లై ఉండాలి," అన్నాడు హమీర్. "అదే మొక్కు, అంతే గట్టిగా. గడువు లేదు."

"రామ్‌దే తీసుకుంటాడా?" అన్నాను నేను.

"వాడా? రేపు సాయంత్రానికి బస్టాండులో చాయ్ తాగి మర్చిపోతాడు. వాడి బుర్రకు మొక్కేంటి, తన పేరే ఎక్కువ," అని, ఆవిడ తల పైట సర్దుకుని, మాత ముందు వంగింది. "రాసుకో హమీర్‌భాయి. నా నోట పాలచుక్క పడదు. చాయ్‌లో కూడా. ఆ గేదె వచ్చేదాకా. రాదు. నాకు తెలుసు. ఆయనకి మాత్రం మాత వదిలేసిందని చెప్పు. నా పేరెత్తావో, నీ నడుం సంగతి నువ్వే చూసుకో."

కాఠియావాడ్‌లో మనిషికి చాయ్ తీసెయ్యడం అంటే ఏమిటో అక్కడ ఉన్నవాళ్లకే తెలుస్తుంది. దొడ్డి ఊడ్చే ముందు చాయ్, పాలు పితికాక చాయ్, ఎవరొచ్చినా చాయ్, వెళ్తున్నా చాయ్. తిరుగుదారిలో ఆవిడ నాకంటే ముందు విసవిసా నడిచింది. నేను ఏదో అనబోతే, "ఊరుకో మాస్టర్. నాకు ఏడుపు రావట్లేదు, ఒళ్లు మండుతోంది. మొక్కింది ఆయన, గడువు మర్చిపోయింది ఆయన, దగ్గేది ఆయన. మోసేది నేను. పెళ్లినాడు పంతులు ఇది కూడా చదివే ఉంటాడు, నాకు వినపడలేదు," అంది.

మాత వదిలేసిందని హమీర్ వచ్చి చెప్పాక, ఆ సాయంత్రమే వేజాభాయి పాలు తాగాడు. సాసరు రెండు చేతులతో పట్టుకుని, ఊది, చిన్నపిల్లాడిలా చప్పుడు చేస్తూ తాగాడు. మీసాల మీద పసుపు అంటుకుంది. మళ్లీ పొయ్యమన్నాడు. పడుకున్నాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన గురక విని సేజూబెన్ గోడ అవతల నుంచి, "ఎవరింట్లోనో గేదె ఈనుతున్నట్టుంది," అంది. మాఘం చివరికి మనిషి తేరుకున్నాడు. దగ్గు అప్పుడప్పుడూ పలకరించి పోయేది.

అక్కడితో ఆగి ఉంటే ఇది మంచి కథ అయ్యేది. ఫాల్గుణంలో రామ్‌దే అత్తగారు వాలూబెన్ చుట్టపు చూపుగా వచ్చింది. మర్యాద ప్రకారం తన కప్పులోంచి సగం చాయ్ సాసరులో వంచి వియ్యపురాలికి అందించింది.

"ఇప్పుడే తాగాను వదినా," అంది ఝమకూబెన్.

"ఇప్పుడే తాగినా నా చేతిది ఒక గుక్క పట్టకపోతే ఎలా?"

"కడుపు బాగోలేదు."

"పొద్దున్న నీళ్లు తోడుతుంటే చూశానే, నాకంటే గట్టిగా ఉన్నావు." వాలూబెన్ సాసరు కింద పెట్టేసింది. మొహం ఎర్రబడింది. "పిల్లనిచ్చుకున్నాం. ఏం లోటు చేశామో చెప్పు, దిద్దుకుంటాం. ఇలా చేతిది తోసెయ్యకు."

ఝమకూబెన్ ఓరగా పక్కకు చూసింది. పక్కన మంచం మీద వేజాభాయి తన చాయ్ ఊదుకుంటున్నాడు. నిజం చెప్పకపోతే రెండిళ్ల మధ్య రాకపోకలు తెగుతాయి.

"నేను పాలు వదిలేశాను," అంది నేల చూస్తూ. "మాత దగ్గర."

"ఎప్పటి నుంచి?"

చెప్పింది. వేజాభాయి చేతిలో సాసరు ఆగింది. ఆయన లెక్కలు నెమ్మదిగానే చేస్తాడు గానీ తప్పు చెయ్యడు. సాసరు నేల మీద పెట్టి, చెప్పులు వేసుకుని, ఎండలో మాత గుడి వైపు నడిచాడు. నేను వెనకాల పరుగెత్తాల్సి వచ్చింది.

"తిరిగి నాకిచ్చెయ్," అన్నాడు హమీర్‌తో.

"ఏమిటి?"

"నీకు తెలుసు."

"అన్నా, మొక్కేమైనా సర్కారు బస్సా, ఈ స్టాపులో నువ్వు దిగి వదినెక్కి, వచ్చే స్టాపులో వదిన దిగి నువ్వెక్కడానికి? మాత ఒకసారి ఔనంది. రెండోసారి నేను అడగను. నాకు భయం."

"అయితే నేను కూడా తాగను."

"తాగకు. అప్పుడు ఆవిడ పాలు మానేసిందంతా వృథా. నువ్వు తాగినంత కాలమే అది మొక్కు. తాగకపోతే ఆవిడ ఊరికే ఉపవాసం ఉన్నట్టు."

వేజాభాయి గుడి గట్టు మీద కూలబడ్డాడు. ఎంతసేపు కూర్చున్నాడో, నేను చుట్ట ముగించి మరొకటి అంటించాను. "ఇది నన్ను కట్టిపడేసింది మాస్టర్," అన్నాడు చివరికి. అది ఎవరి గురించో, మాత గురించో పెళ్లాం గురించో నేను అడగలేదు.

ఇంటికెళ్లేసరికి పొద్దు వాలింది. వాలూబెన్ తన కూతురితో దొడ్లో ఉంది. పాలు కాచి సిద్ధంగా ఉన్నాయి. ఝమకూబెన్ సాసరులో పోసి ఆయన ముందు పెట్టింది.

"నన్నడగొచ్చుగా," అన్నాడు.

"అడిగితే ఒప్పుకునేవాడివా?"

"ఒప్పుకోను."

"మరి?"

ఆయన సాసరు ఎత్తి, దించేశాడు. "గొంతు దిగట్లేదు."

"దిగుతుంది. మింగు. ముందు ఆ మొహం మార్చుకుని మింగు. విషం ఇచ్చినట్టు చూడకు. చలికాలమంతా నీ దగ్గు విన్నాను, ఇప్పుడు ఈ మొహం చూడాలా?"

"ఇంకేం మొహం పెట్టను?"

"ఆ రోజు తాగావే, మీసాలకు పూసుకుని. ఆ మొహం."

"ఆ రోజు నాకు తెలీదుగా."

ఆవిడ కొంగు నడుంలో దోపుకుని, పొయ్యి దగ్గరకు పోయి, కాలుతున్న కట్టెల్ని అక్కర్లేకుండానే ఎగదోసింది. నిప్పురవ్వలు లేచాయి. వేజాభాయి కళ్లు మూసుకుని సాసరు మొత్తం ఒక్క గుక్కలో తాగేసి, మూతి చొక్కాకు తుడుచుకుని, ఖాళీ సాసరు ఆవిడ వైపు జరిపాడు.

"చాలా?" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండా.

"చాలు."

"గిన్నెలో ఇంకా ఉన్నాయి. గంఠోడా దండగ."

ఆయన సాసరు మళ్లీ ముందుకు జరిపాడు. "పొయ్," అన్నాడు, కష్టంగా. ఆవిడ వచ్చి పోసింది. తాగినంతసేపూ పక్కనే నిలబడింది, చేతులు కట్టుకుని, ఆయన మొహం వంక గుచ్చి చూస్తూ. ఆయన ప్రయత్నించాడు. నేను చూశాను, నిజంగానే ప్రయత్నించాడు. పెదాల దగ్గర ఏదో కదిలింది గానీ నవ్వుగా నిలబడలేదు.

"వద్దులే," అంది ఝమకూబెన్ విసుగ్గా. "రేపు చూద్దాం."